క్రొత్త ఫోను కొనుట లాభమా?

ప్రతి సంవత్సరము వానలు వెనుకబడి దసరా పండుగ సమీపించునప్పటికి మన గృహములలో ఒక ప్రశ్న వినవచ్చుచుండును: ఉన్న ఫోను మార్చి క్రొత్తది కొందమా? పత్రికలలోని ప్రకటనలును, దుకాణముల ముందరి బోర్డులును ఈ ప్రశ్నకు 'ఔను' అనియే సమాధానము చెప్పును. కాని ఆ సమాధానము చెప్పువారు అమ్మువారు. సొమ్ము చెల్లించువారము మనము. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె, బియ్యము, మందులు అను ఖర్చుల సరసన నేడు ఫోను వాయిదా కూడ చేరినది. కావున ఈ విషయమును ఉత్సాహముతో గాక లెక్కతో విచారింపవలసియున్నది. ఫోను ధర ఎట్లు ఏర్పడునో, చేతిలోని ఫోను నిజముగా ఎప్పుడు పాతబడునో, మార్పు ఎవరికి లాభకరమో ఇచ్చట క్లుప్తముగా వివరింపదలచినాము.

ఫోను ధరలో పలువురి పాలు కలదు. తెర, చిప్పు, మెమరీ, కెమేరా, బ్యాటరీ మొదలగు భాగముల వెల మొదటిది. వానిని కూర్చు కార్మికుల కూలి రెండవది. పరిశోధన, ప్రకటనలు, రవాణా, దుకాణదారుని కమీషను, కంపెనీ లాభము తరువాతివి. వీనిపైన ప్రభుత్వపు పన్ను. 2017 జూలైలో జీ.ఎస్.టీ. ప్రవేశపెట్టినప్పుడు ఫోనులపై 12 శాతముగా ఉన్న ఈ పన్ను 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి 18 శాతమైనది. 2025 సెప్టెంబరులో పెక్కు వస్తువులపై పన్ను తగ్గినను ఫోనులపై తగ్గలేదు. అనగా 20,000 రూపాయలకు కొనిన ఫోనులో సుమారు 3,050 రూపాయలు పన్నే. విదేశములనుండి దిగుమతి అగు ఫోనుపై కస్టమ్సు సుంకము కూడ కలదు. 2024 జూలై బడ్జెటులో దానిని 20 శాతమునుండి 15 శాతమునకు తగ్గించిరి. అయితే మన దేశములో అమ్ముడగు ఫోనులలో అధికభాగము ఇచ్చటనే కూర్చబడుచున్నవి. ఆంధ్రప్రదేశమునందలి శ్రీసిటీలో షావోమీ ఫోనుల తయారీ 2015లోనే ప్రారంభమైనది.

ఈ పాళ్ళన్నియు కూడినను ధర తేలదు. కొనువారు ఎంతవరకు ఇచ్చెదరో అంచనా వేసి కంపెనీ నిర్ణయించునదే తుదిధర. ఇందుకు అందరు ఎరిగిన ఉదాహరణము ఐఫోన్. ఆపిల్ కంపెనీ 2021లో ఐఫోన్ 13ను, 2022లో 14ను, 2023లో 15ను, 2024లో 16ను మన దేశమున ఒకే ప్రారంభధరకు, అనగా 79,900 రూపాయలకు, విడుదల చేసినది. ఐఫోన్ 14 మొదలుకొని క్రొత్తది వచ్చినప్పుడెల్ల అంతకు ముందటి దాని ధర 10,000 రూపాయలు తగ్గినది. 2024 సెప్టెంబరులో ఐఫోన్ 16 రాగానే 15 ధర 69,900కును, 14 ధర 59,900కును దిగినవి. నిన్నటి ఫోనే నేటి ఫోను. దాని శక్తి రవ్వంతయు తగ్గలేదు. తగ్గినది దాని క్రొత్తదనము మాత్రమే. తొందర గలవానివద్ద ఒక ధర, ఓర్పు గలవానివద్ద మరియొక ధర పుచ్చుకొను వర్తకనీతి ఇది.

పేరు మారినంత మాత్రమున సరుకు అంతయు మారినదనుకొనరాదు. 2022 నాటి ఐఫోన్ 14లో ఉన్న ఏ15 అను చిప్పు, అంతకు ముందు సంవత్సరము ఐఫోన్ 13 ప్రోలో వచ్చినదే. అట్లే ఐఫోన్ 15 విడుదల అయినప్పుడు 128 జీబీ స్థలము గల దాని ధర 79,900. 256 జీబీ గల దాని ధర 89,900. 512 జీబీ గల దాని ధర 1,09,900. ఫోను ఒక్కటే, ఫోటోలు, వీడియోలు దాచుకొను స్థలము మాత్రమే వేరు. తనకు ఎంత స్థలము కావలయునో ముందుగా చూచుకొననివాడు అక్కరలేని స్థలమునకు 10,000 అదనముగా చెల్లించును. లేదా చాలని స్థలము కొని రెండేండ్లకే ఫోను మార్చును. 2025లో ఐఫోన్ 17 ధర 82,900 అయినది. ధర 3,000 పెరిగినదని ఒకరు అనవచ్చును. కాని దానిలో ప్రారంభస్థలమే 256 జీబీ. అంతే స్థలము గల ఐఫోన్ 16 విడుదలనాటి ధర 89,900 కావున ధర 7,000 తగ్గినదని మరియొకరు అనవచ్చును. ఇద్దరి మాటయు నిజమే. అంకెను ఒక్కదానిని చూచి నిర్ణయించుట ఎంత పొరపాటో దీనివలన తెలియగలదు.

ఇక ఫోను పాతబడుట ఎట్లు? మొదట అలసిపోవునది బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీ చార్జి అయినకొలది క్రమముగా శక్తి కోల్పోవును. ఐఫోన్ 14 వరకు గల నమూనాలలో 500 పూర్తి చార్జీల పిదపను, ఐఫోన్ 15 మొదలుకొని 1,000 చార్జీల పిదపను, ఆదర్శపరిస్థితులలో 80 శాతము శక్తి మిగులునట్లు బ్యాటరీని రూపొందించినామని ఆపిల్ చెప్పుచున్నది. యూరోపియన్ యూనియనులో 2025 జూన్ 20నుండి అమలులోనికి వచ్చిన నిబంధనల ప్రకారము అచ్చట అమ్ము ఫోనుల బ్యాటరీ 800 చార్జీల పిదప కూడ 80 శాతము నిలువవలెను. బ్యాటరీ అలసినప్పుడు ఫోనే ముసలిదైనదని మనము భ్రమపడుదుము. 2017 డిసెంబరులో జరిగిన సంగతి ఇందుకు నిదర్శనము. బ్యాటరీ క్షీణించిన కొన్ని పాత ఐఫోనులు హఠాత్తుగా ఆగిపోకుండుటకై వాని వేగమును సాఫ్ట్‌వేరు ద్వారా తగ్గించుచున్నామని ఆపిల్ కంపెనీ అప్పుడు ఒప్పుకొన్నది. విమర్శలు చెలరేగగా అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్లనుండి 29 డాలర్లకు తగ్గించినది. ఫోను మందగించినదని క్రొత్తది కొనదలచిన వారిలో కొందరికి కావలసినది బ్యాటరీ మాత్రమే అని లోకమునకు అప్పుడు తెలిసినది.

రెండవది సాఫ్ట్‌వేరు. శ్రద్ధగా కాపాడుకొనిన పాత రేడియో సెట్టు మీడియం వేవు ప్రసారము ఉన్నంతకాలము పాడును. దానికి తయారుచేసిన కంపెనీ సాయము అక్కరలేదు. ఫోను అట్టిది కాదు. దొంగలు ప్రవేశించుటకు వీలగు లోపములు దాని సాఫ్ట్‌వేరులో నిత్యము బయటపడుచుండును; కంపెనీ వానిని ఎప్పటికప్పుడు పూడ్చుచుండవలెను. ఆ పని నిలిచిన ఫోను చూచుటకు బాగుగనే ఉండును. కాని తలుపు గడియ ఊడిన ఇంటివంటిది. గూగుల్ 2023లో పిక్సెల్ 8కును, శాంసంగ్ 2024లో గెలాక్సీ ఎస్24కును 7 సంవత్సరముల సాఫ్ట్‌వేరు సాయము వాగ్దానము చేసినవి. తక్కువ ధర ఫోనులలో ఈ కాలము తరచుగా తక్కువ. ఇచ్చట గమనింపవలసిన ముఖ్యాంశము ఒకటి కలదు: ఈ సంవత్సరములు మనము కొనిన నాటినుండి గాక, ఆ నమూనా విడుదల అయిన నాటినుండి లెక్కింపబడును.

ఈ ఒక్క మాట తెలిసినచో ధరల రహస్యము సగము విడిపోవును. 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్ఆర్‌కు ఏటేట వచ్చు ప్రధాన సాఫ్ట్‌వేరు 2024 వరకు అందినది; 2025 సెప్టెంబరులో నిలిచినది. ఆ చొప్పున ఒక ఫోను ఆయువు 7 సంవత్సరములు అనుకొందము. అప్పుడే విడుదల అయిన 79,900 రూపాయల ఫోను సంవత్సరమునకు సుమారు 11,400 పడును. ఏడాది పాతదగు నమూనా 69,900కు దొరికినను, మిగిలిన ఆయువు 6 సంవత్సరములే కావున సంవత్సరమునకు 11,650. రెండేండ్ల పాతది 59,900కు కొన్నచో 5 సంవత్సరములకు ఏటికి 11,980. చవుక అని మనము సంతసించిన 10,000 రూపాయలు కరిగిపోయిన సంవత్సరపు వెల మాత్రమే! కాని మనము ఏ ఫోనునైనను నాలుగేండ్లకు మించి ఉంచుకొనమనుకొన్నచో లెక్క మారును: క్రొత్తది ఏటికి 19,975, ఏడాది పాతది 17,475. పాత ఫోను అమ్మినచో వచ్చు సొమ్మును ఇందులో కలుపలేదు. సారాంశమేమనగా, చివరివరకు వాడువారికి క్రొత్త నమూనా నష్టము కాదు. త్వరగా మార్చువారికి ముందటి నమూనాయే మేలు. ఇదే సూత్రము తక్కువ ధరలకును వర్తించును. 12,000 రూపాయల ఫోను రెండేండ్లకే మూలపడినచో నెలకు 500; 18,000 రూపాయలది నాలుగేండ్లు నడచినచో నెలకు 375. తక్కువ ధర ఎల్లప్పుడును పొదుపు కాదు.

వాయిదాలను గూర్చి ఒక మాట. 'సున్న వడ్డీ' అను మాట ఆకర్షణీయమైనది. కాని సున్న వడ్డీ అను భావనయే లేదనియు, వడ్డీ తరచుగా ప్రాసెసింగు రుసుము రూపమున మరుగుపడియుండుననియు రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరు 17న బ్యాంకులకు పంపిన సర్క్యులరులో స్పష్టపరచినది. 30,000 రూపాయల ఫోనుపై వడ్డీ 1,800 అనుకొందము. ఆ మొత్తము ధరలో తగ్గించి, వాయిదాలలో వడ్డీగా తిరిగి రాబట్టుదురు. ఆ వడ్డీపై 18 శాతము జీ.ఎస్.టీ., అనగా 324 రూపాయలు, మన నెత్తినే పడును; ప్రాసెసింగు రుసుము దీనికి అదనము. రొక్కమునకు కొన్నవానికి దొరకు తగ్గింపు వాయిదాదారునికి దొరకకపోవచ్చును. అన్నిటికంటె బాధాకరమైనది, తెర పగిలిన ఫోనుకు ఇంకను ఆరు వాయిదాలు మిగిలియుండుట.

అట్లయిన ఫోను ఎప్పుడు మార్చవలెను? మా దృష్టిలో తగిన కారణములు నాలుగు. భద్రతకు సంబంధించిన సాఫ్ట్‌వేరు సాయము నిలిచిపోవుట మొదటిది. నిత్యావసరమగు యాప్‌లు పనిచేయకుండుట రెండవది. 2025 మే నెలలో ఐఫోన్ 5ఎస్, ఐఫోన్ 6 వంటి పాత నమూనాలలో వాట్సాప్ నిలిచిపోయినది. మరమ్మతు ఖర్చు ఫోను వెలలో సగమునకు మించుట మూడవది. చేయుచున్న వృత్తికి ఆ ఫోను చాలకపోవుట నాలుగవది. ఇవి గాక ప్రకటనలలో కనబడు పెద్ద అంకెలు కారణములు కావు. 12 మెగాపిక్సెళ్ళ ఫోటోయే ఏ4 కాగితమంత పరిమాణమున స్పష్టముగా అచ్చగును. గోడకు తగిలించు ఫోటోకు 200 మెగాపిక్సెళ్ళు అక్కరలేదు. మన దేశమున 5జీ 2022 అక్టోబరు 1న ప్రారంభమైనను 4జీ ఆగిపోలేదు. తమ ఊరిలో 5జీ సంకేతము అందనివారు దానికై తొందరపడనక్కరలేదు.

మన కుటుంబములలో మరియొక ఆచారము కలదు. కుమారుడు క్రొత్త ఫోను కొనును. పాతది తండ్రిగారికో, అమ్మమ్మకో చేరును. ఆ ఫోనుతోనే వారు పెన్షను సొమ్ము చూచుకొందురు, కరెంటు బిల్లు కట్టుదురు. భద్రత నిలిచిపోయిన ఫోనును, మోసములకు సులభముగా చిక్కు వయసువారి చేతికి ఇచ్చుట పొదుపు కాదు, ప్రమాదము. పాత ఫోను సెట్టింగులలో భద్రతా సాఫ్ట్‌వేరు చివరిసారి ఎప్పుడు వచ్చినదో తేదీ చూచుడు. ఏడాది దాటినచో దానిని పాటలకు, వార్తలకు మాత్రమే ఉంచి, బ్యాంకు పనులకు వేరు ఏర్పాటు చేయుడు.

వాడిన ఫోను కొనువారు *#06# నొక్కినచో తెరపై 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య కనబడును. ప్రభుత్వపు సంచార్ సాథీ వెబ్‌సైటులో ఆ సంఖ్యను పరీక్షించినచో అది దొంగసొత్తుగా నిలిపివేయబడినదా లేదా తెలియును. అమెరికాలోని బంధువులచే ఫోను తెప్పించుకొనువారును జాగ్రత్త వహింపవలెను. ఐఫోన్ 16 అచ్చట 799 డాలర్లు, అనగా విడుదలనాటి మారకము ప్రకారము సుమారు 67,000 రూపాయలు. పైన అచ్చటి రాష్ట్రపు అమ్మకపు పన్ను కలియవచ్చును. కాని 2022లో వచ్చిన ఐఫోన్ 14 మొదలుకొని అమెరికాలో అమ్ము ఐఫోనులలో సిమ్ కార్డు పెట్టుకొను చోటే లేదు; ఇ-సిమ్ మాత్రమే పనిచేయును. తమ నెట్‌వర్కు ఆ సౌకర్యము ఇచ్చుచున్నదా అని ముందుగా విచారించి తెప్పించుకొనవలెను.

కావున దుకాణమునకు పోవుటకు ముందు క్రొత్త ఫోనులో ఏమున్నదని గాక, పాత ఫోనులో ఏమి లేదని ప్రశ్నించుకొందము. బ్యాటరీ లోపమైనచో బ్యాటరీ మార్పింతము. స్థలము చాలనిచో అక్కరలేని వీడియోలు తొలగింతము. నిజముగా కాలము తీరినదైనచో జంకక క్రొత్తది కొందము; కొనిన పిదప దాని ఆయువు తీరువరకు వాడుకొందము. ధర నిర్ణయించుట కంపెనీ చేతిలోనిది. ఆ ధర ఎన్ని నెలలకు పంచబడునో నిర్ణయించుట మాత్రము మన చేతిలోనిదే.