కేంద్ర కార్యాలయం లేని సంఘాల చరిత్ర: ఉత్తరాంధ్ర పరిశోధకులకు సువార్త మందిరాలు చూపే ఆధారాలు

ఉపోద్ఘాతం:

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల ప్రొటెస్టెంటు క్రైస్తవ చరిత్ర ప్రధానంగా మిషను నివేదికల ఆధారంగా రూపొందింది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. ఆనందరాయరు సహకారంతో వారు సాగించిన అనువాద కృషి ఫలితంగా 1812లో మూడు సువార్తలు తెలుగులో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. 1870ల నుండి కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు శ్రీకాకుళం, బొబ్బిలి, భీమునిపట్నం కేంద్రాలుగా పనిచేశారు. ఈ సంస్థలకు కార్యవర్గాలు, జీతాలు, వార్షిక నివేదికలు ఉండేవి. అందువల్ల వాటి చరిత్రకు లిఖితాధారాలు సమృద్ధిగా లభిస్తాయి.

సహోదర సంఘాల స్వరూపం:

బ్రదరన్ లేదా సహోదర సంఘాల స్థితి ఇందుకు భిన్నం. ఆంధోనీ నోరిస్ గ్రోవ్స్ ప్రేరణతో ఇంగ్లాండులోని బార్న్‌స్టేపుల్ నుండి 1836లో భారతదేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా గోదావరి డెల్టా మిషనుకు పునాది వేశారు. వారికి నిర్ణీత జీతం లేదు. ఈ సంప్రదాయంలో అభిషిక్త గురువర్గం ఉండదు. ప్రతి మందిరం స్వతంత్రమైనది. పెద్దలే దానిని నడుపుతారు. ప్రతి ఆదివారం రొట్టె విరుచుట ఆరాధనకు కేంద్రం. సువార్త మందిరమనే పేరు కూడా ఆ భవనం ముందుగా ప్రకటనకు ఉద్దేశించినదని సూచిస్తుంది.

ఆధారాల సమస్య:

స్వతంత్రత ఈ సంఘాల బలం. చరిత్రకారునికి అదే ఇబ్బంది. 1872లో ఇంగ్లాండులో ఆరంభమైన మిషనరీ పత్రిక విదేశీ సేవకుల లేఖలను ప్రచురించింది. మాంచెస్టరులోని జాన్ రైలండ్స్ గ్రంథాలయం బ్రదరన్ పత్రాలను భద్రపరుస్తోంది. కేవలం వీటిపై ఆధారపడితే స్థలమిచ్చిన కుటుంబాలు, మందిరం కట్టిన కూలీలు, ఇంటింటా బోధించిన స్త్రీలు, తెలుగు పెద్దలు చరిత్రకు వెలుపలే మిగులుతారు.

ఈ లోటును స్థానిక పత్రాలు కొంత పూరించగలవు. స్థల దస్తావేజులు ఆస్తి ఎవరి పేరున ఉన్నదో చెబుతాయి. శంకుస్థాపన ఫలకాలు కాలాన్ని నిర్ధారిస్తాయి. కానుకల పద్దులు సభ్యుల ఆర్థిక స్థితిని సూచిస్తాయి. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం మరొక ముఖ్యమైన ఆధారాన్ని సమకూర్చింది. అభిషిక్త గురువులు లేని సంఘంలో వివాహం జరిపే వ్యక్తికి ప్రభుత్వ లైసెన్సు అవసరం. ఆ వివాహాలను రిజిస్టరులో నమోదు చేయాలి. కేంద్ర కార్యాలయం లేని సంఘం జాడ ఈ విధంగా ప్రభుత్వ దప్తరంలో నిలుస్తుంది.

ముగింపు:

నివేదికలు లేని చోట చరిత్ర లేదని భావించడం పొరపాటు. మిషను పత్రాల సమృద్ధిని బట్టి ఒక సంఘం ప్రాధాన్యాన్ని అంచనా వేస్తే, రాసి పంపినవారే చరిత్ర నిర్మాతలుగా కనిపిస్తారు. ఉత్తరాంధ్ర పట్టణాలలోని చిన్న మందిరాలను అధ్యయనం చేసేవారు దస్తావేజును, వివాహ రిజిస్టరును, వృద్ధ సభ్యుల మౌఖిక కథనాన్ని ఒకదానితో ఒకటి సరిచూడాలి. కాగితాలు చెదపట్టకముందే, వృద్ధులు కనుమరుగు కాకముందే ఈ పని జరగడం అవసరం.