పనిముట్లకు త్రుప్పు – కారణము, నివారణ

పార్సిప్పనీ పొలిమేరలో జెర్సీ సిటీకి నీరందించే జలాశయమున్నది. 1904లో పూర్తయిన ఆ జలాశయపు అడుగున, 18వ శతాబ్దంలో ఇనుప కార్ఖానాలతో వర్ధిల్లిన పాత బూంటన్ గ్రామం మునిగి ఉన్నది. ఇనుమునకు పేరొందిన ఈ ప్రాంతంలోనే, శరదృతువులో కట్టెలు కొట్టి గరాజు మూలన నిలిపిన గొడ్డలి వసంతం నాటికి ఎర్రబారుతుంది.

ఎందువలన? పొడి గాలిలో ఇనుము త్రుప్పు పట్టదు. ప్రాణవాయువుకు నీరు తోడు కావాలి. లోహంపై కంటికి కనిపించనంత పలుచని నీటిపొర ఏర్పడినా చాలు. ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను కోల్పోయి కరుగుతుంది, మరొకచోట ప్రాణవాయువు వాటిని గ్రహిస్తుంది. అల్యూమినియంపై ఏర్పడే ఆక్సైడు పొర గట్టిగా అంటుకొని ఆ లోహాన్ని కాపాడుతుంది. ఇనుప త్రుప్పు మాత్రం గుల్లబారి, పెచ్చులూడి, లోపలి లోహానికి దారి చూపుతుంది.

మంచు కరిగించుటకు రోడ్లపై చల్లిన ఉప్పు కార్లతోపాటు గరాజులోనికి వస్తుంది. ఉప్పునీరు మంచి విద్యుద్వాహకం కనుక ఈ చర్యను త్వరితం చేస్తుంది. శీతాకాలాంతంలో తలుపు తెరువగానే వెచ్చని తేమగాలి చల్లని లోహాన్ని తాకి, మంచినీళ్ళ గ్లాసుపై వలె చెమరుస్తుంది.

నివారణ సులభం. వాడిన వెంటనే పనిముట్టును పొడిగా తుడవాలి. పైపై త్రుప్పును ఉక్కు పీచుతో రుద్ది తీయవచ్చు. ముదిరినదానిని ఒక రాత్రి వినెగర్‌లో నానబెట్టి, వంటసోడా నీటితో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. ఆపై పలుచగా నూనె పూయాలి. ఆముదమైనా, యంత్రాల నూనె అయినా సరే. తోలు తొడుగు తేమను పట్టి ఉంచుతుంది కనుక గొడ్డలిని అందులో నిలువ చేయరాదు. పిడి వదులైనదని నీటిలో నానబెట్టుట తాత్కాలికోపాయమే. ఎండిన పిడి మరల వదులవుతుంది, లోపల త్రుప్పు మిగులుతుంది.

ఒక హెచ్చరిక: కర్రపిడికి అవిసె నూనె పూసిన గుడ్డలను ఉండచుట్టి పడవేయరాదు. ఆ నూనె గాలితో కలిసి గట్టిపడునప్పుడు వేడి పుడుతుంది. ఉండలో చిక్కిన వేడి పెరిగి, నిప్పు లేకుండానే గుడ్డ అంటుకొని ఇల్లే దగ్ధం కావచ్చు. వాటిని ఆరుబయట విడివిడిగా పరచి ఆరనివ్వాలి.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం ఒకప్పుడు పారశీక వర్తకులు వచ్చేవారు. అంతటి ఉక్కునైనా తడి విడిచిపెట్టదు. పనిముట్టు మన్నిక లోహంలో కొంత, తుడిచిపెట్టే చేతిలో కొంత ఉన్నది.