కొమ్ము మీద కుట్టిన బూటు: అమెరికా అంతర్యుద్ధ కాలపు ఒక యంత్రం కథ

1861 ఏప్రిల్‌లో అమెరికా అంతర్యుద్ధం మొదలయ్యేనాటికి ఉత్తరాది సమాఖ్య ప్రభుత్వానికి ఉన్న శాశ్వత సైన్యం సుమారు 16 వేల మంది మాత్రమే కాగా, ఆ ఏడాది జులై నాటికే 5 లక్షల మంది వలంటీర్లను చేర్చుకోవడానికి ఆ దేశపు చట్టసభ అనుమతించింది. సైన్యపు నిబంధనల ప్రకారం ఒక్కొక్క సైనికుడికి ఏడాదికి నాలుగు జతల బూట్లు ఇవ్వవలసి ఉండేది కాబట్టి, చేర్చుకోదలచిన ఆ 5 లక్షల మందికే ఏటా 20 లక్షల జతలు అవసరమని చిన్న గుణకారంతోనే తేలుతుంది. గుడ్డ, గుడారాల వంటి సరఫరాలకు బాధ్యత వహించే క్వార్టర్‌మాస్టర్ శాఖకు అధిపతిగా అదే ఏడాది నియమితుడైన మాంట్‌గొమరీ మెగ్స్ ముందున్న లెక్కల్లో ఇదొకటి. ఫిరంగులూ ఓడలూ చరిత్ర గ్రంథాల్లో ఎక్కువ పుటలు ఆక్రమించుకున్నాయి గానీ, ఆ సైన్యంలో అత్యధికులు కాలినడకనే సాగారన్న సంగతి మరువరాదు.

సైనికులు ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఈ నడక వెంటాడుతూ కనిపిస్తుంది. ఉత్తరాది సైనికుడు మూడు సెంట్ల తపాలా బిళ్ళ అతికించి ఉత్తరం పంపవచ్చు. బిళ్ళ దొరక్కపోతే, 1861 జులైలో చేసిన చట్టం ప్రకారం, కవరు మీద ‘సైనికుడి ఉత్తరం’ అని రాయించి అధికారి సంతకంతో పంపితే తపాలా సుంకాన్ని ఇంటివాళ్లు చెల్లించి తీసుకునేవారు. యుద్ధ వర్ణనల కంటే ఆ ఉత్తరాల్లో కాఫీ, జీతం బకాయి, తడిసిన దుప్పటి, అరిగిన బూట్ల ప్రస్తావనలే తరచుగా వస్తాయి. వట్టి అట్టముక్కలు నింపిన సోళ్లతో కాంట్రాక్టర్లు అంటగట్టిన బూట్లు వానకు నానగానే విచ్చిపోయేవి. అందుకే తెలిసిన చోట కుట్టించి పార్సిల్‌లో పంపమని ఇంటికి రాసేవారు.

లోపమంతా కాంట్రాక్టర్ల దురాశలోనే లేదు, బూటు నిర్మాణంలోనూ ఉంది. ఎలియాస్ హౌ 1846లో పేటెంటు పొందిన కుట్టు మిషను రెండు దారాలను ఒకదానితో ఒకటి ముడివేస్తూ కుట్టేది. 1850లలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని లిన్ పట్టణంలో ఆ జాతి మిషన్లనే తోలుకు అనువుగా మార్చి, బూటు పైభాగపు తోళ్లను కుట్టడం మొదలుపెట్టారు. సోలు మాత్రం వాటికి లొంగలేదు. ఏ కుట్టు మిషనుకైనా కుట్టే వస్తువుకు రెండువైపులా చోటు కావాలి. కానీ పైతోలును కాలి ఆకారపు చెక్క మూసపై బిగించి అడుగున సోలు పెట్టాక, కుట్టవలసిన గీత బూటు గర్భంలోకి, అందులోనూ ఇరుకైన వేలి మొనవైపు వెళ్లిపోతుంది. కాబట్టి ఈ పని ఇంకా చిన్నచిన్న పాకల్లో కూర్చున్న పనివారి చేతుల్లోనే ఉండేది. ఆరెతో తోలుకు రంధ్రం పొడిచి, మైనం పట్టించిన దారాన్ని ఇరువైపుల నుంచీ దూర్చి బిగించడం ఒక పద్ధతి. సోలులోకి వరుసగా చెక్క చీలలు దిగగొట్టడం రెండోది. చీలల బూటు చవక, పని త్వరగా ముగుస్తుంది. అయితే నీటికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే ఆ చీలలు వదులైతే సోలు ఊడేది.

ఈ చిక్కును విప్పినవాడు మసాచుసెట్స్‌కే చెందిన లైమన్ రీడ్ బ్లేక్. 1835లో పుట్టిన ఇతడు 1858 జులై 6న పొందిన పేటెంటులోని ఆలోచన వినడానికి సులువుగా ఉంటుంది: మిషనులోని ఒక భాగాన్నే బూటులోకి దూర్చడం. కొమ్ములా వంగిన ఒక ఇనుప చేతికి బూటును, సోలు పైకి ఉండేట్టు, తొడుగుతారు. దారం ఆ బోలు కొమ్ము లోపలి నుంచి మొన దాకా వస్తుంది. పైనుంచి దిగే కొక్కెపు సూది బయటి సోలునూ, మడిచిన పైతోలునూ, లోపలి సోలునూ ఒకేసారి చీల్చుకుని బూటు లోపలికి చేరినప్పుడు, కొమ్ము చివరన ఉన్న చిన్న చక్రం దారాన్ని ఆ కొక్కేనికి చుట్టి తగిలిస్తుంది. సూది తిరిగి పైకి లేస్తూ ఆ దారాన్ని ఉచ్చుగా లాగి, అంతకుముందరి ఉచ్చులోంచి దూరుస్తుంది. ఆడవాళ్లు కుట్టుపనిలో గొలుసు కుట్టు అనే దానికిది తోలు రూపం. దారానికి పట్టించిన మైనం గట్టిపడకుండా కొమ్మును వేడిగా ఉంచుతారు. చల్లారాక అదే మైనం కుట్టును రంధ్రంలో అతికించి పట్టుకుంటుంది. సోలు అంచున ముందే కోసిన గాడిలో కుట్టు పడేట్టు చూసి, చివర ఆ గాడి పెదవిని జిగురుతో మూసేస్తే, దారం నేలకు రాసుకోదు.

లోపాలు లేకపోలేదు. బ్లేక్ తొలి నమూనా వేలి మొననూ మడమనూ సరిగా కుట్టలేకపోయింది. 1859లో ఈ పేటెంటును గోర్డన్ మెకే అనే ఇంజనీరు వ్యాపారి కొన్నాడు. 70,000 డాలర్ల ఆ బేరంలో చేతికిచ్చింది 8,000 మాత్రమే కాగా, మిగతా మొత్తం రాబోయే లాభాల్లోంచి చెల్లించవలసినది. మెకే కొమ్మును తిరిగేలా చేయించడంతో, బూటును చుట్టూ తిప్పుతూ ఒకే వరుసలో కుట్టడం సాధ్యమైంది. చేతితో గంటకు పైగా పట్టే సోలు కుట్టు ఇప్పుడు ఒకటి రెండు నిమిషాల్లో ముగిసేది. సరిగ్గా ఆ సమయానికే లిన్‌లోని పనివారిలో చాలామంది సైన్యంలో చేరారు, ప్రభుత్వం నుంచి పెద్ద ఆర్డర్లు వచ్చి పడ్డాయి.

యుద్ధాన్ని ఈ యంత్రమే గెలిపించిందని చెప్పడం అతిశయోక్తి. సైనిక గిడ్డంగులకు చేరిన బూట్లలో ఎక్కువ భాగం చేతికుట్టువీ చీలలవీ. ఒకచోట దారం తెగితే గొలుసు కుట్టు వరుసగా జారిపోతుందన్న శంక సరుకు పరిశీలించే అధికారులకు ఉండటం సహజమే. దానికి సమాధానం మైనమే చెప్పవలసి వచ్చింది. దక్షిణాది పరిస్థితితో పోల్చినప్పుడే ఇటువంటి యంత్రాల విలువ తేటపడుతుంది. తోలు పరిశ్రమ కొరవడి, రేవులు దిగ్బంధంలో ఉన్న దక్షిణాది సైన్యం 1862 సెప్టెంబరులో మేరీలాండ్‌లోకి నడిచినప్పుడు వేలమంది ఉత్త కాళ్లతో ఉన్నారు. నడవలేక దారిలో ఆగిపోయినవారెందరో. ఆ ఏడాది చివర కొన్ని దళాల్లో పచ్చితోలును వెంట్రుకలు లోపలికి ఉండేట్టు మడిచి కాళ్లకు కట్టుకొమ్మని ఆదేశాలు వెలువడ్డాయి.

ఈ కథలో ఎలియాస్ హౌ మరోమారు కనిపిస్తాడు, ఆవిష్కర్తగా కాదు. కుట్టు మిషను పేటెంట్లు గల ప్రధాన కంపెనీలతో 1856లో కుదిరిన ఉమ్మడి ఒప్పందం వల్ల, దేశంలో అమ్ముడయ్యే ప్రతి మిషను మీదా ఇతడికి రాయల్టీ (పేటెంటు వాడుకున్నందుకు చెల్లించే రుసుము) వచ్చేది. అలా సంపన్నుడైనవాడు 1862 ఆగస్టులో కనెక్టికట్ 17వ రెజిమెంటులో సామాన్య సిపాయిగా చేరి, ఆరోగ్యం అంతంతమాత్రం కావడంతో, గుర్రం మీద రెజిమెంటు టపా చేరవేసే పని చేశాడు. సిపాయిల జీతాలు ఆలస్యమైనప్పుడు తన సొంత డబ్బు ముందుగా సర్దినట్టు రెజిమెంటు చరిత్రలో నమోదై ఉంది. కుట్టు మిషను పేరు చెప్పగానే గుర్తొచ్చే మనిషి ఉత్తరాల సంచి మోయడం యాదృచ్ఛికమే అయినా, సిపాయిలకు జీతాలు కూడా వేళకు అందని రోజుల్లో ఉత్తరానికి ఉన్న విలువను అది తెలుపుతుంది.

హౌ రాబడి మిషను అమ్మకం మీద ఆధారపడింది. మెకే ఇంకో అడుగు ముందుకేశాడు. ఖరీదైన యంత్రాన్ని కొనే స్తోమత యజమానులకు లేదని గ్రహించి, దాన్ని అమ్మకుండా అద్దెకిచ్చి, కుట్టిన ప్రతి జతకూ కొంత చొప్పున రుసుము పుచ్చుకున్నాడు. యజమాని అందుకు బిళ్ళలు ముందుగా కొనుక్కుని, జతకొకటి చొప్పున అతికించాలి. తపాలా శాఖ అప్పట్లో అమ్మిన మూడు సెంట్ల బిళ్ళ ఎలా పనిచేసేదో ఇదీ అలాగే: చిన్న మొత్తం, ముందుగా చెల్లింపు, లెక్క తప్పే వీలు తక్కువ. యంత్రంతో పాటు ఈ ఏర్పాటు కూడా దీర్ఘకాలం నిలిచిందని చెప్పవచ్చు. 1899లో ఏర్పడిన యునైటెడ్ షూ మెషినరీ కంపెనీ ఇదే అద్దె విధానంతో ఆ దేశపు బూట్ల యంత్రాల వ్యాపారాన్ని దాదాపు గుప్పిట పెట్టుకుంది.

పనివారికి దీని మూల్యం వేరుగా తోచింది. పాకల్లో కూర్చున్న పనివాడు ఫ్యాక్టరీకి వెళ్లి ఒక్క యంత్రం దగ్గర నిలబడవలసి వచ్చింది. 1867లో మిల్వాకీలో ‘నైట్స్ ఆఫ్ సెయింట్ క్రిస్పిన్’ అనే బూట్ల పనివారి సంఘం పుట్టి, కొద్ది ఏళ్లలోనే దేశంలోని అతిపెద్ద కార్మిక సంఘాల్లో ఒకటైంది. పైతోలును మూసపై లాగి బిగించే పని మాత్రం, జాన్ మట్జెలిగర్ 1883లో పేటెంటు పొందేదాకా, చేతులకే మిగిలింది. అదే ఏడాది బ్లేక్ మరణించాడు. మెకే 1903 దాకా బతికి, తన ఆస్తిలో పెద్ద భాగాన్ని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి అనువర్తిత శాస్త్రాల బోధనకై రాసిచ్చాడు. జతకు కొద్ది సెంట్ల చొప్పున కూడిన ఆ ధనంతో నెలకొల్పిన ఆచార్య పదవులు నేటికీ అతడి పేరుతోనే కొనసాగుతున్నాయి.