కృష్ణాగర్భమున క్షేత్రములు

మనవారు తీర్థయాత్రలు మానలేదు. తీర్థమును చూచుట మాత్రము మానివేసినారు. శివరాత్రికి శ్రీశైలము పోవు బస్సులును మోటారులును నల్లమల కనుమలలో బారులు తీరి నిలుచుచున్నవి. గంటలకొలది వరుసలో నిలిచి, మల్లికార్జునుని క్షణకాలము సేవించి, భ్రమరాంబకు కుంకుమ సమర్పించి, ప్రసాదపు పొట్లము చేతబట్టుకొని రాత్రికి ఇల్లు చేరిన గృహస్థు తన యాత్ర సఫలమైనదని తలచుచున్నాడు. ప్రాకారపు గోడపై బారులుగా చెక్కిన ఏనుగులను, గుఱ్ఱములను, వేటకాండ్రను, శివలీలలను కన్నెత్తి చూచువారు నూటికొకరు లేరు. పాతాళగంగకు రోప్‌వే వచ్చినది గనుక మెట్ల మాటయే లేదు. ఆ గంగయు నేడు పూర్వమువలె పాతాళమున లేదు. ఆనకట్ట వెలసిన పిదప నీరు లోయ వెంట పైకెక్కి, వెనుకటి యాత్రికులు దిగిన అడుగు మెట్లను తనలో దాచుకొన్నది.

ఆ నీరు మెట్లను మాత్రమే దాచినదా? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము కావలసినవారు శ్రీశైలముతో యాత్ర ముగింపక, నదికి ఎదురుగా కర్నూలు వైపు, ఆలంపురము వరకు పోవలయును. అంతటి యాత్ర మన దేశమున వేఱొకటి లేదని నా నమ్మకము.

ఆలంపురము తుంగభద్రకు ఎడమ గట్టున నున్నది. నేడు తెలంగాణమున జోగులాంబ గద్వాల జిల్లాలోనిది. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దులలో కట్టించిన నవబ్రహ్మాలయములు ఇచ్చట గలవు. పేరు బ్రహ్మలదేగాని తొమ్మిదియు శివాలయములే. తారకబ్రహ్మాలయము తక్క తక్కిన యెనిమిదియు ఉత్తరదేశపు నాగర శిఖరములు గలవి. గోదావరికింత దక్షిణమున, తెలుగునేలపై, ఆ వంపు తిరిగిన శిఖరములను, వాని నెత్తిన ఉసిరికకాయవంటి ఆమలకములను చూచువానికి ఆశ్చర్యము కలుగకమానదు. స్వర్గబ్రహ్మాలయము వినయాదిత్యుని యేలుబడిలో, అనగా 681-696 నడుమ వెలసినట్లు శాసనము చెప్పుచున్నది. విశ్వబ్రహ్మాలయపు రాళ్లపై పంచతంత్ర కథలున్నవి. పిల్లలను వెంట తీసికొనిపోయినవారు ఆ గోడ కడ అరగంట కూర్చుండి, ఏది యే కథయో వారిచేతనే చెప్పింపవలయును. పూజలు ప్రధానముగ బాలబ్రహ్మేశ్వరునికి జరుగుచున్నవి. అష్టాదశ శక్తిపీఠములలో నొకటియైన జోగులాంబ ఆలయము పూర్వమే శిథిలముకాగా, అమ్మవారు శతాబ్దులపాటు బాలబ్రహ్మేశ్వరుని నీడనే పూజలందుకొని, 2005లో తిరిగి కట్టిన గుడిలో ప్రవేశించినది.

ఈ ఆలయములకును నదికిని నడుమ నిప్పుడొక పెద్ద రక్షణకుడ్యము నిలిచియున్నది. గుడినుండి తుంగభద్ర కనబడవలసిన తావున గోడ కనబడును. కన్నులకింపుగా లేదని కొందరు విసుగుకొందురు. కాని శ్రీశైలపు వెనుకజలములనుండి ఈ శిల్పములను కాపాడుటకై అది పుట్టినది. 2009 అక్టోబరు వరదలలో కర్నూలు పట్టణముతోపాటు ఆలంపురమును నీట మునిగినదన్న సంగతి యెఱిగినవారు గోడను నిందింపజాలరు.

గోడ కట్టి కాపాడ వీలుకానివానిని ఊడదీసి తెచ్చినారు. కృష్ణయు తుంగభద్రయు కలియు కూడవెల్లిలో తొలి చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయ మొకటి యుండెను. దాని రాళ్లకు అంకెలు వేసి, ఒక్కొక్కటిగా విప్పి, ఆలంపురమునకు చేర్చి, వెనుకటి క్రమముననే పేర్చినారు. పాపనాశి గుళ్లను అట్లే మెఱకకు తరలించినారు. రూపాల సంగమేశ్వరము కర్నూలు దగ్గఱి జగన్నాథగట్టు నెక్కినది. కృష్ణ కావలియొడ్డున సోమశిల గుళ్లును పైకి జరిగినవి. పురావస్తుశాఖవారి ఓర్పును మెచ్చుకొనవలసినదే. ఎవరు చూచినను ఇది వేఱొకచోటినుండి వచ్చిన గుడియని పోల్చుకొనలేరు. అయినను సంగమేశ్వరుడను పేరు సంగమమునుబట్టి వచ్చినది గదా! రెండు నదులు కలియు చోటును ఊడదీసి బండ్లకెత్తుట ఎవరి తరము? కూడవెల్లి గుడి ముందు నిలిచినవానికి రాయి యున్నది, పనితన మున్నది, చెవికి నీటి చప్పుడు మాత్రము లేదు.

తరలింపక విడిచిన గుడి యొకటి గలదు. అది సప్తనదీ సంగమమున, ఇప్పటి నంద్యాల జిల్లాలోని సంగమేశ్వరము. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమరథి, మలాపహారిణి, భవనాశి యను నేడు నదులు ఇచ్చట కూడునని పెద్దలు చెప్పుదురు. వీనిలో భవనాశి యొక్కటియే పడమటికి పాఱునది. ధర్మరాజు ప్రతిష్ఠకు ముహూర్తము పెట్టుకొని, కాశినుండి లింగము తెచ్చుటకు భీముని పంపగా, అతడు వేళకు రాకపోవుటచే వేపమానితో లింగము చేసి నిలిపెనని స్థలపురాణము. పురాణము మాట యెట్లున్నను లింగము కొయ్యదే. 1981లో జలాశయమున మునిగిన ఆ కొయ్య 2003లో నీరు తగ్గి గుడి బయటపడినప్పుడు చెక్కుచెదరక యుండెను. నాటినుండి నీరు దిగిన యేండ్ల నెల్ల, సామాన్యముగ వేసవికి కొంచెము ముందు, మొదట శిఖరము, పిదప గోడలు, తుదకు గర్భాలయము తేలుచున్నవి. అర్చకుడు బురద తోడించి, కడిగి, దీపము వెలిగించును. ఏటిలో నెక్కువ కాలము దేవుడు నీటిలోనే యుండును.

ఇంతవరకు గుళ్ల మాట. ఊళ్ల మాట చెప్పనిచో ఈ యాత్రాకథనము సగమే యగును.

శ్రీశైలపు ఆనకట్టకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసెను. దానిక్రింద మునిగిన గ్రామములు నూటికి పైబడినవి. ఇల్లు విడిచినవారు లక్షకు తక్కువ గారు. ఆనకట్ట కూడదని నేననను. రెండు గట్టుల విద్యుత్కేంద్రములు కలిసి 1,670 మెగావాట్ల శక్తి గలవి. పోతిరెడ్డిపాడునుండి సాగిన నీరు రాయలసీమ పొలములను తడిపి, తెలుగుగంగయై చెన్నపట్టణము వారి గొంతు తడుపుచున్నది. ఈ పత్రిక చదువు రైతులలో ఆ నీటి ఫలము ననుభవించుచున్నవారు లేకపోలేదు. విమర్శింపవలసినది వేఱొకటి. గుడిని తరలించునప్పుడు ప్రతి రాతికిని అంకె వేసి, దాని చోటు ముందే నిర్ణయించి, పిదప కదల్చిరి. మనుష్యుల విషయమున నీ క్రమము తలక్రిందులైనది. 1981 వేసవిలో పోలీసులు నిలువబడగా యంత్రములు ఇండ్లను కూల్చినవి. చోటు మాట తరువాత వచ్చినది. నష్టపరిహారము చాలదని న్యాయస్థానముల కెక్కినవారికి ఏండ్లు గడచినవి. 1986 ఏప్రిలులో ప్రభుత్వము 98వ సంఖ్య గల ఉత్తర్వు వెలువరించి, ముంపు కుటుంబములకు ఉద్యోగములు చూపుదుననెను. కొందరికి లష్కరు కొలువులు దొరకినవి. తక్కినవారు వినతిపత్రములతో కచేరీల చుట్టు తిరిగి తిరిగి, కడకు '98 జీవో వారు' అను పేరే తమ యింటిపేరైనట్లు బ్రతికినారు. ఉత్తర్వు నాడు పాతికేండ్లున్న యువకుడు నేడు వృద్ధుడు.

సంగమేశ్వరమున నీరు దిగినప్పుడు గుడికి వచ్చువారిలో వీరి కుటుంబములవారును ఉందురు. మనము శిఖరము చూడబోదుము. వారు తమ బావి గట్టును, రచ్చబండను, పెద్దల సమాధులను వెదకుకొందురు. ఒక ముసలామె బురదనేలపై వ్రేలితో చూపి, ఇది మా వాకిలి అని మనుమరాలికి చెప్పుచుండగా నేను వింటిని. ఆ వాకిలి గుర్తు నాకేమియు కనబడలేదు.

యాత్రకు వెడలు వారికి రెండు మాటలు. ఆలంపురమునకు ఒక పగలు పూర్తిగ నీయవలయును. అచ్చటి పురావస్తుశాలను విడువరాదు. సంగమేశ్వరమునకు ఆత్మకూరు మీదుగ గాని, ఆవలినుండి సోమశిల వచ్చి పడవపై గాని చేరవచ్చును. పడవవాని తొందరకు లోబడి క్రిక్కిఱిసిన పడవ నెక్కకుడు. 2007 జనవరిలో ఈ ప్రాంతముననే, మంచాలకట్ట రేవు కడ, పడవ మునిగి పదులకొలది ప్రాణములు పోయినవి. శ్రీశైలమునుండి అక్కమహాదేవి గుహలకు పడవపై పోవువారు ఆ కొండల నడుమ నీటి నిశ్శబ్దమును పాటలపెట్టెలతో చెఱుపకుందురుగాక. ప్లాస్టికు సీసాల మాట చెప్పుటకు సిగ్గగుచున్నది. గుడి తేలిననాడు దేవునికంటె ముందు అవియే దర్శనమిచ్చుచున్నవి.

తొలకరి దాటి, ఎగువ జూరాలనుండి వరద విడిచిన పిదప సంగమేశ్వరమున నీరు దినదినము పెఱుగును. ముందు మెట్లు, వెనుక గడప, ఆపై లింగము మునుగును. అప్పుడు అర్చకుడు పడవలో వచ్చి, శిఖరమునకే తుది హారతి యిచ్చి గట్టునకు మరలిపోవును.