బాల్కనీని బతికించిన నేల టిక్కెట్టు వాచీ!

జేమ్స్ బాండ్ మణికట్టుకేసి ఎప్పుడైనా సరిగ్గా చూశారా? మన చూపు ఎంతసేపూ ఆయన చేతిలోని పిస్తోలు మీదో, పక్కనున్న హీరోయిన్ మీదో ఉంటుంది గానీ అక్కడిదాకా పోదు. ఈసారి చూడండి. 1962లో వచ్చిన ‘డాక్టర్ నో’లో షాన్ కానరీ చేతికున్నది రోలెక్స్. అసలు సిసలైన స్విస్ వాచీ! 1977లో ‘ది స్పై హూ లవ్డ్ మి’ వచ్చేసరికి రోజర్ మూర్ చేతికి సీకో వచ్చింది. అది జపాను వాచీ. పైవాళ్లు పంపిన కబురును సన్నటి రిబ్బను మీద అచ్చుకొట్టి మరీ బయటికి వదులుతుంది! 1995లో ‘గోల్డెన్ ఐ’లో పియర్స్ బ్రాస్నన్ చేతికి ఒమేగా ఎక్కింది. అది స్విస్ వాచీ!

ఈ మూడు సినిమాల మధ్య కాలంలో ఒక దేశపు పరిశ్రమ మునిగి తేలింది. దాన్ని ఒడ్డుకు లాగింది బంగారు వాచీ కాదు, వజ్రాలు పొదిగిన వాచీ అంతకన్నా కాదు. ప్లాస్టిక్ వాచీ! నమ్మబుద్ధి కావడం లేదు కదూ? అయితే వినండి.

ముందుగా ఓ ఫ్లాష్‌బ్యాక్

చవక వాచీ అంటే నిన్న మొన్నటి సంగతి అనుకునేరు. నూటయాభై ఏళ్ల పైమాటే! అప్పట్లో గడియారం జేబులో ఉండేది, అదీ డబ్బున్నవాళ్ల జేబులోనే. జర్మనీలో పుట్టి, స్విట్జర్లాండులోని లా షో-ద-ఫాన్ అనే ఊళ్లో స్థిరపడిన జార్జ్ ఫ్రెడరిక్ రోస్కోఫ్‌కి ఇది నచ్చలేదు. కూలివాడు కూడా కొనుక్కునేలా 20 ఫ్రాంకులకే మంచి గడియారం ఇవ్వాలని పంతం పట్టాడు. హంగులన్నీ తీసిపారేశాడు. భాగాల సంఖ్య 57కి దించాడు. దానికి ‘శ్రామికుడు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టి 1867 పారిస్ ప్రదర్శనకు పంపితే కంచు పతకం వచ్చింది.

ఆ 57 అన్న అంకె గుర్తుంచుకోండి. దాంతో తర్వాత పని ఉంది.

తూర్పు నుంచి దెబ్బ

1969 డిసెంబరు 25. టోకియోలో సీకో కంపెనీ ‘ఆస్ట్రాన్’ అనే చేతివాచీని అమ్మకానికి పెట్టింది. కీ ఇవ్వక్కర్లేదు. లోపల చిన్న బ్యాటరీ, దాని కరెంటుతో లెక్క తప్పకుండా కంపించే క్వార్ట్జ్ పలుకు. అంతే! స్ప్రింగుతో నడిచే వాచీ రోజుకే కొన్ని సెకన్లు అటూ ఇటూ అవుతుంటే, ఇది నెలకు 5 సెకన్లు మించి తప్పదన్నారు. ధర మాత్రం 4,50,000 యెన్లు. కారు కొనుక్కునేంత డబ్బు!

విచిత్రమేమిటంటే ఈ విద్య స్విస్ వాళ్లకూ తెలుసు. 1967లోనే న్యూషాటెల్‌లోని పరిశోధకులు క్వార్ట్జ్ చేతివాచీ నమూనా తయారుచేశారు. కానీ పళ్లచక్రాల మీద ఉన్న మోజు కొద్దీ కంపెనీలు దాన్ని అంతగా పట్టించుకోలేదు. ఈలోగా జపాను, హాంకాంగ్ వాచీలు చవకైపోయి ప్రపంచాన్ని ముంచెత్తాయి. 1970లో స్విస్ వాచీ పరిశ్రమలో దాదాపు 90,000 మంది పనిచేసేవారు. 1980ల మధ్యకొచ్చేసరికి ముప్పై వేల చిల్లర మిగిలారు. తాతల నాటి నుంచీ ఈ పనే నేర్చుకున్న కొండ ఊళ్లలో ఫ్యాక్టరీలకు తాళాలు పడ్డాయి.

ఇద్దరు కుర్రాళ్లు, ఒక బొమ్మ

1980 మార్చి 27. ఇటా కంపెనీలో ఎల్మర్ మాక్ అనే కుర్ర ఇంజనీరు ప్లాస్టిక్ అచ్చుపోసే ఖరీదైన యంత్రం కావాలని కోరాడు. వాచీలు చేసే చోట ప్లాస్టిక్ యంత్రమా? కంపెనీ పెద్ద ఎర్న్‌స్ట్ థామ్కే సంజాయిషీకి పిలిచాడు. మాక్, అతని స్నేహితుడు జాక్ ముల్లర్ గబగబా కూర్చుని ఓ వాచీ బొమ్మ గీసి, రంగులు వేసి ఆయన ముందు పెట్టారు. చీవాట్లు తినాల్సిన చోట పని దొరికింది!

ఆ బొమ్మలోని కిటుకు ఇదీ. మామూలు వాచీలో యంత్రం వేరు, దాన్ని దాచే డొక్కు వేరు. వీళ్లు యంత్రాన్ని డొక్కు అడుగుభాగానికే తిన్నగా బిగించేశారు. నిజానికి ఈ ఎత్తు 1979లో ఇదే కంపెనీ కేవలం 1.98 మిల్లీమీటర్ల మందంతో చేసిన ‘డెలీరియం’ అనే ఖరీదైన వాచీలోది. షావుకారు వాచీలోని కిటుకు సామాన్యుడి వాచీకి దిగొచ్చిందన్నమాట! మొత్తం భాగాలు ఎన్నో తెలుసా? 51. రోస్కోఫ్ 57 కన్నా ఆరు తక్కువ!

1983 మార్చి 1న జ్యూరిక్‌లో ‘స్వాచ్’ విడుదలైంది. ధర 39.90 నుంచి 49.90 ఫ్రాంకులు. క్వార్ట్జ్ యంత్రమే, కానీ స్విస్ చేతిది. చొక్కాకో రంగు, మూడ్‌కో డిజైను! మరుసటి ఏడాది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఓ బ్యాంకు భవనానికి 150 మీటర్ల పైచిలుకు పొడవున్న, నిజంగా నడిచే స్వాచ్‌ని వేలాడదీశారు. మన అభిమాన సంఘాలు కట్టే కటౌట్లు దాని ముందు దిగదుడుపే! 1992 నాటికి 10 కోట్ల స్వాచ్‌లు తయారయ్యాయి.

ఒమేగాకి ఊపిరి

ఇప్పుడు అసలు ముడి విప్పుదాం. ఇటా ఒక పెద్ద సంస్థలో భాగం, ఒమేగా మరో పెద్ద సంస్థలో భాగం. రెండూ అప్పుల్లో కూరుకుపోయాయి. బ్యాంకులు సలహా కోసం నికొలస్ హాయెక్ అనే లెబనాన్‌లో పుట్టిన పెద్దమనిషిని పిలిచాయి. రెండింటినీ కలిపెయ్యండి, చవక వాచీని మాత్రం వదలకండి అన్నాడాయన. అడుగున ఉన్న మార్కెట్టు పరాయివాళ్ల పాలైతే పైనున్న ఖరీదు మార్కెట్టూ నిలవదని ఆయన వాదన. ఇది మన సినిమా హాళ్లవాళ్లకు వేరే చెప్పాలా? నేల క్లాసు నిండితేనే గదా బాల్కనీలో ఫ్యాన్లు తిరిగేది! 1983లో రెండు సంస్థలూ ఒకటయ్యాయి. స్వాచ్ తెచ్చిన డబ్బూ పేరూ ఆ ఇంటిని నిలబెట్టాయి. 1995లో బాండ్ చేతికెక్కిన ఒమేగా ఆ ఇంటిదే!

మరి స్వాచ్‌లో లోపం లేదా? ఉంది. అద్దాన్ని డొక్కుకి అతికించేస్తారు. బ్యాటరీ మార్చుకోవచ్చు గానీ యంత్రం చెడితే రిపేరు లేదు. మన ఇళ్లలో నాన్నగారో తాతగారో పొద్దున్నే కీ ఇచ్చుకునే హెచ్.ఎం.టి. వాచీ అలా కాదు. 1961లో జపాను సిటిజన్ కంపెనీ సాయంతో బెంగుళూరులో మొదలైన ఆ వాచీల కంపెనీని మూసెయ్యాలని కేంద్రం 2016లో నిర్ణయించినా, వీధి చివర రిపేరు షాపాయన కంటికి భూతద్దం పెట్టుకుని ఇప్పటికీ దాన్ని బతికిస్తున్నాడు.

కొనబోయే ముందు ఒక్క మాట. ‘స్విస్ స్టైల్’ వేరు, ‘స్విస్ మేడ్’ వేరు. 2017 నుంచి ఆ దేశపు నిబంధన ప్రకారం తయారీ ఖర్చులో కనీసం 60 శాతం అక్కడిదై ఉంటేనే డయలు మీద ‘స్విస్ మేడ్’ అని రాసుకోవాలి. యంత్రం స్విస్‌ది కావాలి, చివరి తనిఖీ కూడా అక్కడే జరగాలి. స్టైల్‌కి స్విస్ ధర ఇచ్చి మోసపోకండి.

2022 మార్చి 26న ఇంకో తమాషా జరిగింది. చంద్రుడి మీదికి వెళ్లిన ఒమేగా రూపురేఖలతో స్వాచ్ 250 ఫ్రాంకులకు ఓ వాచీ తెస్తే, పలు దేశాల్లో దుకాణాల ముందు జనం బారులు తీరారు. అచ్చం మన స్టార్ హీరో సినిమా మొదటి రోజు మార్నింగ్ షో లాగే! ఒకనాడు తనను ఆదుకున్న చవక తమ్ముడికి ఈసారి పెద్దన్నయ్యే తన రూపం అరువిచ్చాడు. అప్పు తీర్చుకున్నాడనుకోవాలి!