లైకెన్ల దగ్గరికి కెమెరా

బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు ఒక లైకెన్. వంటింట్లో దాన్ని ఎండిన ముక్కలుగా చూసినవాళ్లే ఎక్కువ. దాని బంధువులు అరకు కొండల్లో చెట్ల బెరడు మీదా, హైదరాబాదు చుట్టుపక్కల గ్రానైటు బండల మీదా మచ్చల్లా పరుచుకుని ఉంటాయి. మాక్రో లెన్సు పెట్టి చూస్తే ఆ మచ్చల్లో కప్పులు, పళ్లేలు, మడతలు, పగుళ్లు కనిపిస్తాయి.

లైకెన్ ఒంటరి జీవి కాదు. శిలీంధ్రం ఇల్లు కడుతుంది. అందులో ఉండే శైవలమో, సయనోబాక్టీరియానో ఎండతో ఆహారం తయారుచేస్తుంది. 1860లలో సైమన్ ష్వెండెనర్ ఈ మాట చెబితే ఆనాటి లైకెన్ నిపుణులు చాలామంది ఒప్పుకోలేదు.

ఫొటో తీసేవారు ముందు తెలుసుకోవాల్సింది నీటి సంగతి. ఎండినప్పుడు లైకెన్ పైపొర కాంతిని అడ్డుకుంటుంది, అందుకే చాలా రకాలు బూడిదరంగులో కనిపిస్తాయి. తడి తగిలితే ఆ పొర పారదర్శకమై, లోపలి శైవలాల పచ్చదనం నిమిషాల్లో పైకి వస్తుంది. ఆగిపోయిన కిరణజన్య సంయోగక్రియ కూడా మళ్లీ మొదలవుతుంది. కాబట్టి ఒకే లైకెన్‌ను పొడిగా ఒకసారి, వాన వెలిశాక ఒకసారి తీయండి. ఒక్క అందమైన ఫొటో కన్నా ఆ జంట ఫొటోలే విలువైనవని నా అభిప్రాయం.

వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడాలి. అప్పుడే శిలీంధ్రం బీజాలు తయారయ్యే బుల్లి కప్పుల అంచులు తేలతాయి. బెరడు మీద గ్రాఫిస్ అనే రకం వెతకండి. ఎవరో నల్ల సిరాతో గీకినట్టున్న ఆ గీతలు కూడా బీజాలు పుట్టే చోట్లే. యూరప్‌లో గోడల మీద పెరిగే క్సాంథోరియా పరైటినాలో నారింజ రంగు పరైటిన్ అనే పదార్థానిది. లోపలి శైవలానికి తీక్షణమైన ఎండ నుంచి అదే రక్షణ. నీడలో పెరిగినప్పుడు దానికి ఆ రంగు తగ్గి పచ్చగా కనిపిస్తుంది.

వస్తువు అసలు పరిమాణంలోనే సెన్సర్ మీద పడేంత దగ్గరికి వెళ్తే, ఎఫ్/8 దగ్గర కూడా స్పష్టంగా వచ్చే లోతు సుమారు 1 మిల్లీమీటరే. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన ఫొటోలను తర్వాత కలపాలి. బండకు అంటుకుపోయిన చదును రకాలకైతే మాక్రో సౌకర్యమున్న ఫోను సరిపోతుంది.

ఒక ఫొటోలో స్కేలు పెట్టండి. ఏ చెట్టో, ఏ రాయో రాసుకోండి. నమూనా కోసం మాత్రం గీకవద్దు. రైజోకార్పాన్ జియోగ్రాఫికం లాంటి రాతి లైకెన్లు ఏడాదికి 1 మిల్లీమీటరు కూడా పెరగవు.