నర్సింగ్ హోమ్ నాణ్యత: ఏ అంకె ఎవరు చెప్పింది?

తెలుగునాట నర్సింగ్ హోమ్ అంటే పదీ ఇరవై పడకలున్న చిన్న ప్రైవేటు ఆసుపత్రి. కాన్పుకో, అపెండిక్స్ ఆపరేషన్‌కో అందులో చేరినవారు నాలుగైదు రోజుల్లో ఇంటికి వచ్చేస్తారు. అమెరికాలో అదే మాటకు అర్థం వేరు. ఆసుపత్రిలో ఉంచవలసినంత జబ్బు లేకపోయినా, ఇంట్లో ఒంటరిగా నెట్టుకురాగల శక్తి లేనివారికి రాత్రింబవళ్ళు నర్సుల పర్యవేక్షణలో వసతి, భోజనం, మందులు, స్నానపానాల్లో సాయం అందించే సంస్థను అక్కడ నర్సింగ్ హోమ్ అంటారు. వాటిలో చాలావాటి బోర్డుల మీద 'నర్సింగ్ అండ్ రిహాబిలిటేషన్ సెంటర్' అని ఉంటుంది. జబ్బు వల్లనో గాయం వల్లనో పోయిన నడక, మాట, చేతిపని వంటి శక్తులను అభ్యాసంతో తిరిగి రాబట్టే చికిత్సే రిహాబిలిటేషన్. తెలుగులో దీన్ని పునరావాస చికిత్స అంటున్నారు.

ఇలాంటి హోములు ఆ దేశంలో సుమారు 15,000 ఉన్నాయి. వాటిలో ఏ రోజు చూసినా దాదాపు 12 లక్షల మంది ఉంటారు. తుంటి ఎముక విరిగో, పక్షవాతం వచ్చో ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి, కొన్ని వారాల వ్యాయామంతో కోలుకుని ఇంటికి వెళ్ళేవారు ఒక రకమైతే, డిమెన్షియా వంటి మతిమరుపు వ్యాధులతోనో మంచం పట్టో జీవితపు చివరి భాగాన్ని అక్కడే గడిపేవారు మరో రకం. వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ మొదటి రకం వారికి మాత్రమే, అదీ ఒక విడతకు 100 రోజులకు మించకుండా, డబ్బు చెల్లిస్తుంది. అందులో మొదటి 20 రోజులకే పూర్తి ఖర్చు భరిస్తుంది. దీర్ఘకాలం ఉండేవారిలో ఎక్కువమంది ఖర్చును పేదల బీమా అయిన మెడికెయిడ్ మోస్తుంది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు తల్లిదండ్రులకోసం ఈ హోములను వెతకవలసి వచ్చినప్పుడు, ఆసుపత్రివారు చేతిలో ఒక జాబితా పెట్టి రేపో ఎల్లుండో ఎంచుకోమంటారు. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్న సామెత అక్కడ పనికిరాదు. ముందుగదిలో మెరిసే గచ్చుకూ, లోపలి గదిలో మంచం పట్టిన మనిషి వీపుకూ సంబంధం లేకపోవచ్చు.

వైద్యసేవల నాణ్యతను కొలవడానికి ఎవెడిస్ డొనాబెడియన్ అనే వైద్యుడు 1966లో ప్రతిపాదించిన మూడంచెల పద్ధతి నేటికీ శాస్త్రానికి ఆధారం. భవనం, పరికరాలు, సిబ్బంది వంటి ఏర్పాట్లు మొదటిది. ఆ ఏర్పాట్లతో నిజంగా జరిగే పని రెండోది. ఆ పని వల్ల మనిషికి కలిగిన ఫలితం మూడోది. ఈ మూడింటికీ అమెరికాలో అంకెలు దొరుకుతాయి. అయితే అన్ని అంకెలూ ఒకే నోటి నుంచి వచ్చినవి కావు కనుక, అంకె ఎంత అనేదానికన్నా ముందు దాన్ని ఎవరు చెప్పారని అడగవలసి ఉంటుంది.

బయటివారు చూసినది

మెడికేర్, మెడికెయిడ్ పథకాలు 1965లో పుట్టాక నర్సింగ్ హోములు వేగంగా పెరిగాయి గాని, వాటిలో జరిగే నిర్లక్ష్యంపై ఆరోపణలు కూడా అంతే వేగంగా పెరిగాయి. 1986లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన నివేదిక ఆధారంగా 1987లో నర్సింగ్ హోమ్ సంస్కరణల చట్టం వచ్చింది. ప్రతి నివాసి శారీరకంగా, మానసికంగా, సామాజికంగా అందుకోగలిగినంత ఉన్నత స్థితిని అందుకునేలా హోము చూడాలని, సిబ్బంది సౌకర్యంకోసం మనుషులను మంచానికో కుర్చీకో కట్టివేయకూడదని, సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ ఉండాలని ఆ చట్టం నిర్దేశించింది. దాని ప్రకారం రాష్ట్ర అధికారులు ముందు చెప్పకుండా వచ్చి, ఒక తనిఖీకీ మరొక తనిఖీకీ మధ్య 15 నెలలకు మించకుండా ప్రతి హోమునూ పరిశీలించాలి.

తనిఖీలో బయటపడిన ప్రతి లోపానికీ ఏ నుంచి ఎల్ వరకు ఒక అక్షరం వేస్తారు. హాని ఎంత తీవ్రం, ఎంతమందికి విస్తరించింది అనే రెండు ప్రశ్నలకూ కలిపి ఆ ఒక్క అక్షరం జవాబు. జి అంటే ఒకరిద్దరికైనా నిజంగా హాని జరిగిందని అర్థం. జె, కె, ఎల్ అంటే ప్రాణాపాయ స్థితి. ఈ నివేదికను హోములో అందరికీ అందుబాటులో ఉంచాలన్నది నియమం కనుక, చూడవచ్చినవారు దాన్ని అడిగి చదవవచ్చు. 'ఆహార నిల్వలో లోపం' అన్న డి అక్షరానికీ, 'గొంతులో ఆహారం అడ్డుపడే ప్రమాదం ఉన్న రోగికి మెత్తగా చేయని అన్నం పెట్టారు' అన్న జె అక్షరానికీ ఉన్న దూరం, ప్రభుత్వం హోములకు వేసే స్టార్లను చూస్తే తెలియదు. నివేదిక చదివితేనే తెలుస్తుంది.

స్టార్ల లెక్క 2008 డిసెంబరులో మొదలైంది. ఇప్పుడు మెడికేర్‌వారి కేర్ కంపేర్ అనే వెబ్‌సైటులో ఏ హోము పేరు కొట్టినా ఒకటి నుంచి అయిదు వరకు స్టార్లు కనిపిస్తాయి. ఈ రేటింగుకు తనిఖీయే పునాది. సిబ్బంది విషయంలో అయిదు స్టార్లు వస్తే ఒక స్టారు కలుస్తుంది, ఒక్కటే వస్తే ఒకటి పోతుంది. నాణ్యతా సూచికల విషయంలోనూ అంతే. తనిఖీ స్టార్లను రాష్ట్రం లోపలి పోటీగా వేస్తారన్నది చాలామందికి తెలియదు. ఒక రాష్ట్రంలో మొదటి 10 శాతం హోములకు అయిదు స్టార్లు, చివరి 20 శాతానికి ఒకటి ఇస్తారు కాబట్టి, టెక్సస్‌లోని నాలుగు స్టార్లనూ న్యూజెర్సీలోని నాలుగు స్టార్లనూ పక్కపక్కన పెట్టి పోల్చడం పొరపాటు. ఒక్క మెతుకు పట్టి చూస్తే అన్నం ఉడికిందో లేదో తెలుస్తుందన్న మాట తనిఖీకి కొంతవరకే వర్తిస్తుంది. అధికారులు పట్టిన మెతుకు ఏడాదిలో కొద్ది రోజులది. అయినా దాన్ని పట్టి చూసింది బయటివారు గనుక దానికి విలువ ఎక్కువ.

జీతాల పట్టీ చెప్పేది

హోములో మనిషిని లేపేది, కడిగేది, తినిపించేది డాక్టరు కాదు, చాలాసార్లు నర్సు కూడా కాదు. తెలుగు ఆసుపత్రుల్లో ఆయా అని పిలిచే మనిషికి సమానమైన నర్సింగ్ అసిస్టెంట్. అందుకే సిబ్బందిని కొలిచేటప్పుడు మొత్తం తలలు లెక్కపెట్టకుండా, ఒక నివాసికి రోజుకు ఎన్ని గంటల మనిషి సాయం అందుతోందో లెక్కిస్తారు. పూర్వం ఈ గంటలను హోములే తనిఖీ సమయంలో రాసి ఇచ్చేవి. 2016 నుంచి జీతాల రికార్డుల ఆధారంగా, మూడు నెలలకొకసారి, రోజువారీగా సమర్పించవలసి వస్తోంది. ఇచ్చిన జీతం ఖాతాలో పడుతుంది, లేని మనిషికి జీతం చూపించడం కష్టం. కాబట్టి ఇది నమ్మదగిన అంకె. శని ఆదివారాల్లో ఎంతమంది ఉన్నారు, ఏడాదిలో ఎంతమంది మానేశారు అన్న వివరాలను కూడా 2022 నుంచి ప్రకటిస్తున్నారు.

ఎన్ని గంటలుంటే చాలు అన్న ప్రశ్నకు, దీర్ఘకాల నివాసులకు రోజుకు 4.1 గంటలకన్నా తగ్గితే నాణ్యత దెబ్బతింటుందని 2001లో ప్రభుత్వం చేయించిన అధ్యయనం జవాబిచ్చింది. చాలా ఏళ్ళ తరువాత 2024లో ప్రభుత్వం 3.48 గంటల కనీస పరిమితిని, అందులో అసిస్టెంట్లకు 2.45 గంటలను నిర్ణయించింది. 2025లో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు ఆ నిబంధనలో ముఖ్యభాగాన్ని కొట్టివేయగా, అదే ఏడాది వచ్చిన చట్టం దాని అమలును 2034 దాకా ఆపింది. ఆ నిబంధన నిలవకపోయినా ఆ అంకె అర్థాన్ని విప్పి చూడవచ్చు. 2.45 గంటలంటే 2 గంటల 27 నిమిషాలు. 24 గంటలను దానితో భాగిస్తే, ఏ వేళ చూసినా సగటున ఒక అసిస్టెంటుకు దాదాపు పదిమంది నివాసులని తేలుతుంది. ఉదయం ఆరు నుంచి ఎనిమిది లోపల ఆ పదిమందినీ లేపి, మరుగుదొడ్డికి తీసుకెళ్ళి, ముఖం కడిగి, బట్టలు మార్చి, టిఫిన్ బల్ల దగ్గర కూర్చోబెట్టాలంటే మనిషికి 12 నిమిషాలు. మోచేతులు వంగని పెద్దావిడకు ఒక్క స్వెటరు తొడగడానికే అందులో సగం పోతుంది.

పడక పుండు సంగతి చూస్తే ఈ నిమిషాల విలువ ఇంకా బాగా తెలుస్తుంది. కదలలేని మనిషి ఒకే భంగిమలో గంటల తరబడి పడుకుంటే, నడుము కింది ఎముక, తుంటి, మడమ ఉన్నచోట ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, రక్తం ఆడక చచ్చిపోతుంది. మొదటి దశలో వేలితో నొక్కినా తెల్లబడని ఎరుపు మాత్రమే కనిపిస్తుంది; నాలుగో దశ వచ్చేసరికి కండరమో ఎముకో బయటపడుతుంది. ముదురు రంగు చర్మం మీద ఆ తొలి ఎరుపు సరిగా కనబడదు గనుక, చామనఛాయ తెలుగు పెద్దల విషయంలో అక్కడ చర్మం వేడెక్కిందా, గట్టిపడిందా అని చేత్తో తాకి చూడాలి. దీనికి పాత మందు రెండు గంటలకొకసారి పక్క మార్చడం. అంటే రోజుకు పన్నెండు సార్లు. సారికి అయిదు నిమిషాలనుకున్నా, ఇద్దరు పట్టాలంటే రెండు గంటల మనిషి శ్రమ. పై లెక్కలోని 2 గంటల 27 నిమిషాల్లో, తిండికీ స్నానానికీ మిగిలేది 27 నిమిషాలే. మనుషులు చాలని హోములో పుండు పడితే దాన్ని ఒక ఆయా నిర్లక్ష్యంగా మాత్రమే చూడటం న్యాయం కాదు.

తనకు తాను వేసుకున్న మార్కులు

మూడో భాగమైన నాణ్యతా సూచికల్లో ఎంతమందికి పుండ్లు పడ్డాయి, ఎంతమంది పడిపోయి గాయపడ్డారు, ఎంతమందికి మానసిక రోగుల మందులు వాడుతున్నారు వంటివి ఉంటాయి. వీటిలో చాలావాటిని ప్రతి నివాసి మీదా హోమే నింపే ప్రశ్నావళి నుంచి తీసుకుంటారు. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకోవడం లాంటిది ఇది. ఆసుపత్రి బిల్లుల్లో కనిపించిన పెద్ద గాయాల పడిపోవడాలతో ఆ ప్రశ్నావళిని చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు పోల్చి 2020లో ప్రకటించిన ఫలితం ప్రకారం, వాటిలో 57.5 శాతాన్నే హోములు నమోదు చేశాయి. మందుల సంగతీ అంతే. డిమెన్షియా ఉన్న వృద్ధులకు యాంటీసైకోటిక్ మందులు ఇస్తే మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లోనే తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. అయితే స్కిజోఫ్రీనియా అనే మానసిక రోగం ఉన్నవారిని ఈ సూచిక నుంచి మినహాయిస్తారు. కొన్నిచోట్ల ఆధారం లేకుండా వృద్ధులకు ఆ రోగం అంటగడుతున్నారన్న అనుమానంతో 2023లో ప్రభుత్వం ప్రత్యేక ఆడిట్లు ప్రకటించింది. అందువల్ల తనిఖీలో రెండు స్టార్లు, సిబ్బందిలో రెండు, సూచికల్లో మాత్రం అయిదు వచ్చిన హోమును అనుమానంగానే చూడాలి. ఇంటికి చేరుకున్నవారెందరు, తిరిగి ఆసుపత్రి పాలైనవారెందరు అన్న లెక్కలు మాత్రం బీమా బిల్లుల నుంచి వస్తాయి కాబట్టి వాటిని కొంత ఎక్కువ నమ్మవచ్చు.

పునరావాస చికిత్సలో డబ్బు లెక్క ఎలా పనిచేస్తుందో కూడా తెలిసి ఉండాలి. నడకకు ఫిజియోథెరపీ, బొత్తాలు పెట్టుకోవడం వంటి పనులకు ఆక్యుపేషనల్ థెరపీ, మాటకూ మింగడానికీ స్పీచ్ థెరపీ అని ఇవి మూడు. 2019 అక్టోబరుకు ముందు థెరపీ నిమిషాలను బట్టి మెడికేర్ డబ్బు చెల్లించేది గనుక నిమిషాలు పెంచడం హోముకు లాభం. ఆ తరువాత రోగి స్థితిని బట్టి చెల్లిస్తున్నది గనుక నిమిషాలు తగ్గించడం లాభం. వారానికి ఎన్ని రోజులు, ఏ థెరపిస్టు, ఎంతసేపు అన్నది చేరేముందే రాయించుకోవడం మంచిది. అభివృద్ధి కనిపించడం లేదన్న ఒక్క కారణంతో మెడికేర్ చికిత్స ఆపరాదని, ఉన్న శక్తి జారిపోకుండా కాపాడటానికి కూడా నిపుణుల సేవ అవసరమైతే చెల్లించాలని 2013 నాటి జిమ్మో కేసు ఒప్పందం స్పష్టం చేసింది.

కళ్ళతో చూడవలసినది

కాగితం చెప్పలేనివి కొన్ని ఉంటాయి. ఆ రోజు ఏ షిఫ్టులో ఎందరు నర్సులు, ఎందరు అసిస్టెంట్లు ఉన్నారో ప్రతి హోమూ గోడమీద ప్రకటించాలి. ఆ కాగితాన్ని చూసి, వరండాలో నడుస్తున్నవారిని లెక్కపెడితే రెండూ సరిపోతున్నాయో లేదో తెలిసిపోతుంది. మంచం పక్కన బెల్లు నొక్కినప్పుడు తలుపు పైన వెలిగే దీపం ఎంతసేపటికి ఆరుతుందో గడియారం చూసి గమనించవచ్చు. భోజన వేళ పక్షవాత రోగికి తినిపించే మనిషి పక్కన కూర్చుని ఒక్కొక్క ముద్ద మింగేదాకా ఆగుతున్నదా, నిలబడి తొందరపెడుతున్నదా అన్నది మరొక సాక్ష్యం. డిమెన్షియా ముదిరాక చాలామంది తరువాత నేర్చిన ఇంగ్లీషును మరచి మాతృభాషకే చేరుకుంటారు కాబట్టి, నీళ్ళు కావాలని తెలుగులో అడిగిన పెద్దాయన గొంతును అక్కడ ఎవరు అర్థం చేసుకుంటారో ముందే అడగాలి. నివాసికి అర్థమయ్యే భాషలో సమాచారం ఇవ్వడం చట్టప్రకారం హోము బాధ్యత. చెప్పినా వినకపోతే, ప్రతి రాష్ట్రంలోనూ నివాసుల పక్షాన ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ ఉంటారు. వారి సేవకు రుసుము లేదు.

ఇన్ని అంకెల్లో ఏది పట్టుకోవాలో తేలకపోతే ఒక వరుస పెట్టుకోవచ్చు. ముందు తనిఖీ నివేదికను అక్షరాలతో సహా చదవాలి, తరువాత వారాంతపు సిబ్బంది గంటలు చూడాలి, ఆ తరువాతే హోము తన గురించి తాను చెప్పుకున్నది వినాలి. తెలుగు రాష్ట్రాల్లో వృద్ధాశ్రమంలో పెద్దలను చేర్చేవారికి స్టార్లు లేకపోయినా ఈ వరుస పనికివస్తుంది: రాత్రిపూట ఎందరికి ఒక మనిషి, బయటివారు ఎవరు వచ్చి చూస్తారు అని అడగడానికి ఏ వెబ్‌సైటూ అక్కర్లేదు. చేర్చిన తరువాత మాత్రం ఆదివారం సాయంత్రం, చెప్పకుండా వెళ్ళి, దుప్పటి తీసి మడమలు చూడాలి.